ఊపిరితిత్తి సూది బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష) మధ్యలో రోగి ఉన్నట్టుండి స్పృహ తప్పితే కారణం ఏమై ఉండొచ్చు?

న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) కోసం అందరూ చూస్తారు. గమనించకుండా వదిలేసేది ఎయిర్ ఎంబాలిజం, అంటే రక్తనాళాల్లోకి గాలి బుడగలు చేరడం. సూది మొన పల్మనరీ సిరలో (ఊపిరితిత్తి నుంచి గుండెకు రక్తం తెచ్చే నాళం) ఉండగా స్టైలెట్ (సూది లోపలి కడ్డీ) తీసి వెనక రంధ్రం తెరిచి ఉంచితే, రోగి గట్టిగా ఊపిరి పీల్చగానే బయటి గాలి సిరలోకి, ఎడమ గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకో, గుండె కండరానికి రక్తం ఇచ్చే కరొనరీ ధమనులకో చేరుతుంది. అందుకే స్టైలెట్ తీసినప్పుడు ఊపిరి బిగబట్టమంటారు, రంధ్రాన్ని వేలితోనో సెలైన్ చుక్కతోనో మూస్తారు. దగ్గు వస్తే ఇంకా ప్రమాదం: శ్వాసనాళంలోని గాలే సిరలోకి దూరవచ్చు.

ఛాతీనొప్పి, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం, ఫిట్స్, ఒక పక్క చచ్చుబడటం దీని గుర్తులు. వెంటనే సూది తీసేసి, 100 శాతం ఆక్సిజన్ పెట్టి, వెల్లకిలా చదునుగా పడుకోబెట్టాలి. కూర్చోబెట్టకూడదు. తల బాగా కిందికి దించడం పాత పద్ధతి, మెదడు వాపు పెరగొచ్చు. టేబుల్ మీదే ఛాతీకి, తలకు సీటీ తీయాలి. బుడగలు కనిపించలేదని చికిత్స ఆపొద్దు, అవి త్వరగా కరిగిపోతాయి. స్థిమితపడగానే, వీలైనంత త్వరగా, ఎక్కువ పీడనంలో ఇచ్చే హైపర్‌బారిక్ ఆక్సిజన్‌కు పంపాలి.

నోట్లోంచి రక్తం పడుతుంటే మాత్రం భంగిమ వేరు: సూది గుచ్చిన వైపు కిందికి వచ్చేలా తిప్పాలి, మంచి ఊపిరితిత్తి రక్తంతో నిండకుండా.