జీతమున్న ఇంటర్న్‌షిప్పా, జీతం లేని క్లినికల్ టీచింగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇండియాలో ఎమ్మెస్సీ గణితం చదివారు. టెక్సాస్‌లో ప్రత్యామ్నాయ సర్టిఫికేషన్ కార్యక్రమంలో, అంటే వేరే డిగ్రీ ఉన్నవారిని టీచర్లుగా తయారుచేసే శిక్షణలో, చేరారు. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పడం తప్ప బడిలో పాఠం చెప్పలేదు. ఇప్పుడు ఏడాది పాటు జీతం తీసుకుంటూ ఇంటర్న్‌షిప్ చేయాలా, ఒక సెమిస్టర్ జీతం లేకుండా వేరే టీచరు తరగతిలో క్లినికల్ టీచింగ్ చేయాలా అన్నది తేలడం లేదు.

నేను 2018లో ఇదే దారిన వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మానేసి ఆరో తరగతి లెక్కల టీచరునయ్యాను. అనుభవానికి అనుభవం, జీతానికి జీతం అనుకుని ఇంటర్న్‌షిప్ ఎంచుకున్నాను. మళ్లీ మొదటికి వెళ్లే వీలుంటే ఆ పని చేయను.

సబ్జెక్టు పరీక్షలో పాస్ మార్కు 240 తెచ్చుకుని, ఏడాదికి చెల్లే ఇంటర్న్ సర్టిఫికెట్ తీసుకుని ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ తరగతికి మీరే పూర్తి బాధ్యులు. మార్కులు వేసేది మీరే, తల్లిదండ్రుల ఫోన్లు వచ్చేదీ మీకే. పర్యవేక్షణ అంటారా? ఇంటర్న్ సర్టిఫికెట్ మీద ఉన్నవారి దగ్గరికి శిక్షణ కార్యక్రమం తరఫున ఫీల్డ్ సూపర్‌వైజర్ ఏడాదిలో ఐదుసార్లు రావాలి, ఒక్కోసారి కనీసం 45 నిమిషాలు కూర్చోవాలి. నేను చేసినప్పుడు నియమం అది. వృత్తి ధర్మం కొద్దీ లెక్క వేశాను: 225 నిమిషాలు. నాలుగు గంటలకు పావుగంట తక్కువ. మిగిలిన ఏడాదంతా తలుపు మూసుకుంటే లోపల పిల్లలు, నేను.

బడి నాకొక మెంటార్‌ను కూడా కేటాయించింది. కాకపోతే ఆయన చెప్పేది వేరే తరగతికి, గది భవనానికి ఆ చివర. ఆయన ఖాళీ పీరియడూ నా ఖాళీ పీరియడూ ఒక్కరోజు కూడా కలవలేదు. ఆయన మంచివారే. వరండాలో ఎదురైతే “అంతా బాగుందా?” అని అడిగేవారు. బాగుందనేదాన్ని. నిజానికి మూడో పీరియడ్‌లో నా మాట వినేవారు ముగ్గురో నలుగురో ఉండేవారు.

అలాగని ఆ నాలుగు గంటలు వృథా అనడం లేదు. అసలు నా బాధ అవి చాలలేదనే. మా ఫీల్డ్ సూపర్‌వైజర్ రిటైరైన టీచరు. మొదటిసారి వచ్చినప్పుడు వెనక మూల కుర్చీలో కూర్చుని, పిల్లలు కూర్చునే వరుసలను కాగితం మీద గడులుగా గీసుకున్నారు. ఆ రోజు భిన్నాల కూడిక. పీరియడ్ అయ్యాక ఆ కాగితం నా ముందు పెట్టారు. నేను ఎవరిని ప్రశ్న అడిగితే వారి గడిలో ఒక గీత. ముందు రెండు వరుసల్లో, అదీ ఒకే పక్కన, గీతలు కిక్కిరిసి ఉన్నాయి. కిటికీల వైపు గడులన్నీ ఖాళీ. నేను ఎడమచేత్తో రాస్తాను, బోర్డు మీద రాసి ఇటు తిరిగితే నా చూపు ఎప్పుడూ ఒకే పక్క పడుతోందని అప్పటివరకు నాకు తెలియదు. కాగితం అడుగున ఇంకొక మాట రాశారు. అరకు మూడో వంతు కలిపితే అయిదింట రెండు అని ఒక పాప చెప్పింది, నేను వెంటనే సరిదిద్ది ముందుకు వెళ్లిపోయాను. “ఎలా వచ్చిందని అడగలేదు” అని ఉంది అక్కడ. పై సంఖ్యలూ కింది సంఖ్యలూ విడివిడిగా కలిపేయడం ఆ పాప ఒక్కతే చేసిన తప్పు కాదని, సగం తరగతి అదే చేస్తోందని మర్నాడు అడిగాక తెలిసింది.

ఇలాంటి కాగితం ఏడాదికి ఐదు కాకుండా వారానికి ఒకటి చేతికొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. క్లినికల్ టీచింగ్‌లో అందుకు అవకాశం ఉంది. దాదాపు 14 వారాలు, రోజంతా, వేరే టీచరు తరగతిలో ఉంటారు. మొదట చూస్తారు, తర్వాత ఒక పీరియడ్, ఆపైన రోజంతా మీరే చెబుతారు. తప్పు చేసిన పది నిమిషాలకే చెప్పే మనిషి అదే గదిలో ఉంటారు. మిగతా పరీక్షలు కూడా పాసైతే, ఆ తర్వాత పూర్తిస్థాయి స్టాండర్డ్ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగానికి వెళ్లవచ్చు. ఇంట్లో రెండో జీతం ఉంటే, ఆ సెమిస్టర్ ఎలాగో నెట్టుకురాగలిగితే, నా ఓటు దీనికే.

జీతం లేకుండా గడవదంటారా, అది కూడా నాకు తెలుసు. పని అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి, ఇంటర్న్‌షిప్ అంటే ఉద్యోగమే. ఆ తర్వాత ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. నా మెంటార్ ఎవరు? అదే తరగతికి అదే సబ్జెక్టు చెబుతారా? మా ఇద్దరి ఖాళీ పీరియడ్ ఒకటేనా? నెలకు ఒకసారైనా నేను వెళ్లి ఆయన క్లాసులో కూర్చోవడానికి నా తరగతి ఎవరైనా చూసుకుంటారా? ప్రిన్సిపల్ ఈ ప్రశ్నలకు నీళ్లు నమిలితే ఇంకొక బడి చూసుకోవడం మేలు. లెక్కల టీచర్ల కొరత ఉన్న చోట మీకు ఆ మాత్రం బేరమాడే శక్తి ఉంటుంది.

ఇంకొక సంగతి, తరగతి పరిశీలన గంటలు, అంటే వేరే టీచర్లు పాఠం చెబుతుంటే కూర్చుని చూడడం. మా రోజుల్లో ఉద్యోగానికి ముందు 30 గంటలు ఉండేవి, అందులో సగం వీడియోలు చూసి పూర్తిచేయనిచ్చేవారు. 2024లో కొత్త నియమాలు వచ్చాక 50 గంటలయ్యాయి. నేను వీలైనన్ని వీడియోలతో కానిచ్చేశాను. బడికి వెళ్లి కూర్చున్న గంటల్లో కూడా బోర్డు మీది లెక్కలు నోట్సులోకి ఎక్కించుకున్నాను! నాకు రాని లెక్కలా అవి? చూడవలసింది మొదటి నాలుగు నిమిషాలు. నేను చూసిన ఒక టీచరు గంట కొట్టకముందే గుమ్మంలో నిలబడేవారు. లోపల బల్లల మీద అప్పటికే చిన్న కాగితం, దాని మీద రెండు లెక్కలు. పిల్లలు కూర్చుని రాస్తుండగా కళ్లతోనే హాజరు తీసుకునేవారు. గొంతు పెంచడం నేను వినలేదు. అది గొంతు మహిమ అనుకున్నాను, కాగితం మహిమ అని నా సొంత తరగతిలో అక్టోబరు దాకా తోచలేదు.

వీలైతే ఈలోగా, సెలవు పెట్టిన టీచరు బదులు వెళ్లే సబ్‌స్టిట్యూట్ టీచరుగా నమోదు చేసుకోండి. అర్హతలు ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక్కో రకం. ఆ రోజులు పరిశీలన గంటల్లోకి వస్తాయా అన్నది మీ కార్యక్రమం వారితో రాతపూర్వకంగా తేల్చుకోండి. రాకపోయినా వెళ్లండి. పక్క పక్క గదుల్లో పదిమంది టీచర్లు ఏం చేస్తున్నారో కనిపిస్తుంది, ఏ బడిలో కొత్తవారిని ఆదుకుంటారో మధ్యాహ్నం భోజనాల గదిలో తెలిసిపోతుంది.