ఎఫెసు బొమ్మలో ఆ గ్రంథాలయం ఎందుకు లేదు?

ప్రశ్న: మా తాతగారు పాస్టరు. ఆయన ట్రంకు పెట్టెలో లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి దొరికింది. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్), ఆసియా మైనరులోని (ఇప్పటి టర్కీ) ఏడు సంఘాల దృశ్యాలు అని పేరు. బొమ్మలు థామస్ ఆలమ్, రాత రాబర్ట్ వాల్ష్. సంవత్సరం ఎక్కడా లేదు. మా వదిన నిరుడు టర్కీ టూరుకెళ్లి, ఎఫెసులో రెండంతస్తుల గ్రంథాలయం ముందు ఫొటో దిగి వచ్చింది. పుస్తకంలో ఆ కట్టడమే కనబడదు. ఇవి ఊహించి గీసిన బొమ్మలా? ఫ్రేములు కట్టే అతను పేజీలు కోసి ఇమ్మంటున్నాడు, ఇవ్వనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఫ్రేములాయన్ని ఆగమనండమ్మా.

మీ పుస్తకం లండన్‌లో 1838 ప్రాంతంలో ఫిషర్ సంస్థ వేసింది. ఆలమ్ ఆర్కిటెక్టు, ఆ దేశం తిరిగి గీసుకొచ్చినవాడు. వాల్ష్ కాన్‌స్టాంటినోపుల్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో మతగురువుగా పనిచేశాడు. కాబట్టి ఊహ అని కొట్టిపారేయకండి. మీ వదిన చూసిన సెల్సస్ గ్రంథాలయం అప్పటికి మట్టికింద ఉంది, అంతే! ఆస్ట్రియా వాళ్లు ఎఫెసులో తవ్వకాలు మొదలుపెట్టిందే 1895లో, అది బయటపడింది 1900 దాటాక, కుప్పగా పడి ఉన్న ముందుగోడని రాయి రాయి పేర్చి మళ్లీ నిలబెట్టింది 1970లలో. అంటే ఫొటోలో ఉన్న ఆ గోడ మీ తాతగారి పుస్తకం కంటే వయసులో చిన్నది, రాళ్లు మాత్రం రోమన్ల కాలం నాటివే అనుకోండి. ఎఫెసులోని అర్తెమి దేవి గుడి సంగతీ ఇంతే, ఆ దేవి పేరు చెప్పి జనం రెండు గంటలు కేకలు వేశారని బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో చదివి ఉంటారుగా, దాని జాడ 1869 దాకా ఎవరికీ దొరకలేదు. ఆ ఏడు సంఘాల ఊళ్లలో ఒకటైన పెర్గములోని పెద్ద బలిపీఠాన్ని కూడా 1878 నుంచి జర్మన్లు తవ్వి తీసి బెర్లిన్ పట్టుకెళ్లారు.

నాకైతే ఈ పుస్తకం విలువంతా అక్కడే ఉంది. తవ్వకాలకి ముందు, ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలో, ఆ ఊళ్లు బయటికి ఎలా కనబడేవో ఇందులో ఉంది. స్ముర్న అంటే ఇప్పటి ఇజ్మీర్, ఫిలదెల్ఫియ అంటే అలషెహిర్. ఆ ఏడు సంఘాల ప్రస్తావన ఉన్న బైబిల్ ప్రకటన గ్రంథం పక్కన పెట్టుకుని తిరగేయండి, మీ తాతగారూ బహుశా అదే పని చేసి ఉంటారు.

అసలు ప్రతేనా అన్న అనుమానం ఉంటే భూతద్దం పెట్టి ఆకాశం చూడండి. సన్నటి గీతలు, వెంట్రుకంత ఎడంతో, వరసగా కనబడితే అది ఉక్కు పలక మీద చెక్కి అచ్చేసింది. చుక్కలు చుక్కలుగా కనబడితే తర్వాతి కాలపు రీప్రింటు. ఈ పుస్తకం బొమ్మలు నలుపులోనే వచ్చాయి, మార్కెట్లో విడిగా రంగుల్లో కనబడేవి చాలావరకు తర్వాత ఎవరో అద్దినవే.

ధర అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. ఈ పుస్తకం రెండు సంపుటాలు, రెండూ కలిపి తొంభైకి పైగా బొమ్మలుండాలి, ఒక్కటి పోయినా పుస్తకానికి రేటు పడిపోతుంది. కోసి విడివిడిగా అమ్ముకునే వ్యాపారులున్నారు, అందుకే పూర్తి పుస్తకాలు తగ్గిపోతున్నాయి. మీరూ ఆ పని చేయకండి.

గోధుమరంగు మచ్చలుంటే టెన్షన్ వద్దు, తేమకి వచ్చేవే, తడిగుడ్డతో మాత్రం తుడవకండి. సెల్లో టేపు అస్సలు వద్దు. గోడకి ఆనకుండా, గాలాడేచోట పడుకోబెట్టి ఉంచండి. ఫ్రేములాయనకి మాత్రం ఫోన్‌తో ఫొటో తీసి మంచి కాగితం మీద ప్రింటు తీయించి ఇవ్వండి, ఆయన పనీ ఆగదు.