తమిళం చదవడం రాకపోయినా సినిమా పోస్టర్ ఎలా అర్థమవుతుంది?

చెన్నైకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు కూడా వడపళనిలో గోడమీది పోస్టర్ చూసి ఇది దెయ్యం సినిమా, అది పగ సినిమా అని చెప్పేస్తారు. అక్షరాలతో పని లేకుండా బొమ్మ మూడు రకాలుగా మాట్లాడుతుంది. ఈ విభజన అమెరికన్ తత్వవేత్త చార్ల్స్ పియర్స్‌ది.

హీరో ముఖం ప్రతిరూపం, అక్కడ పోలికే అర్థం. కత్తి అంచున నెత్తురు సూచిక, జరిగినదానికి ఆనవాలు. కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ సంకేతం, నలుగురి అలవాటే దానికి అర్థమిస్తుంది. మనకది చేతబడి, పారిస్‌వాడికి షర్బత్తు!

అసలు కిటుకంతా ఈ మూడోదాంట్లోనే ఉంది. అదే నిమ్మకాయను కోయకుండా పచ్చిమిరపకాయలతో దారానికి గుచ్చి గుమ్మానికి కట్టారనుకోండి, వెంటనే దిష్టి గుర్తొస్తుంది, కామెడీకీ పనికొస్తుంది. పక్కన ఏముందో దాన్నిబట్టే అర్థం తేలుతుంది. అందుకే కత్తి, త్రిశూలం, గులాబీ, పోలీసు టోపీ అన్నీ కలిపి కుక్కితే ఏదీ పలకదు. ఒక ముఖం, ఒక వస్తువు చాలు.

కెమెరాను కింద పెట్టి తీసిన ముఖం అధికారం చూపిస్తుంది, పైనుంచి తీస్తే మనిషి చిన్నబోతాడు.

పోస్టర్ వేసేవాళ్లు టైటిల్ దగ్గర తరచూ దెబ్బతింటారు. పది అడుగుల దూరానికి అక్షరం ఎత్తు అంగుళం చొప్పున లెక్క. రోడ్డు అవతల 50 అడుగుల నుంచి చదవాలంటే 5 అంగుళాలు ఉండాలి. నల్లటి నేపథ్యం మీద ఎర్రక్షరాలు కంప్యూటర్‌లో భయపెడతాయి గానీ, సోడియం వీధిదీపాలు ఉన్నచోట వాటి పసుపు వెలుగులో ఎరుపు మట్టిరంగుకు దిగి నలుపులో కలిసిపోతుంది. అక్షరాల చుట్టూ సన్నని తెల్లగీత వేయండి.