ముందు పళ్లు పెట్టుకోమని చెప్పు

చిన్నోడా,

మనిషి మాట విని అందులో తేడా పట్టే యాప్ ఒకటి నువ్వు పంపినావే, అది చూసినాను. తెర మీద ఎర్రగా ‘డిసార్త్రియా 82 శాతం’ అని పడుతుందే, అంటే మెదడు, నరాల జబ్బుతో నోటి కండరాలు సరిగ్గా ఆడక మాట ముద్దగా రావడం, మొదట అది తీసెయ్. దాన్ని చూసేది నువ్వూ నేనూ కాదురా, పక్షవాతం వచ్చినాయన పెళ్లాం. రోగానికి పేరు పెట్టడానికి డాక్టరు, స్పీచ్ థెరపిస్టు ఉన్నారు. నీ పని లెక్క సరిగ్గా ఇవ్వడం.

‘ప ప ప’ అని ఎంత తొందరగా అనగలిగితే అంత తొందరగా అనమంటే ఆరోగ్యంగా ఉండే పెద్దవాళ్లు సెకనుకు సుమారు 5 నుంచి 7 సార్లు అంటారు. నువ్వు ఆ వేగం ఒక్కటే పట్టుకున్నావు. చిన్నమెదడు దెబ్బతింటే తాళం తప్పుతుంది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పార్కిన్సన్స్‌లో పోనుపోను గొంతు సన్నగిల్లిపోవచ్చు. అప్రాక్సియా, అంటే కండరాల్లో బలమున్నా మాటకు నోరు ఎట్ల కదపాలో మెదడు వరస కట్టలేకపోవడం, అది ఉంటే ‘ప ప ప’ బాగానే అని, అక్షరాలు మారే ‘పతక’ దగ్గర తడబడతారు. అందుకని అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఎంతో, గట్టిదనం ఎంతో గీతలుగా చూపించు. ఇంకోటి, ‘పటక’ అని పెట్టినావు. మనకు త వేరు, ట వేరు, నాలుక ఆనే చోటే మారిపోతుంది. ఏదో ఒకటి ఖాయం చేసుకో, అందరికీ అదే.

ఫోన్లో చప్పుడు తగ్గించేదీ, గొంతు పెంచేదీ రెండూ ఆపెయ్. మెల్లటి గొంతును ఫోనే పెద్దది చేస్తే నీకేం తెలుస్తుంది? మైకు నోటికి జానెడు దూరమంటే ప్రతిసారీ జానెడే. వాట్సాప్ వాయిస్ వద్దు, గొంతును కుదించకుండా దాచే వేవ్ ఫైలే కావాలి.

నా సర్వీసులో ఒకసారి చంద్రగిరి పక్క పల్లె నుంచి ఒక తాత వచ్చినాడు. మాటంతా ముద్దముద్దగా ఉంది. అర పేజీ రాసేసినాను. అప్పుడు కోడలు కొంగుముడి విప్పి, ‘ఇవి పెట్టమంటారా అమ్మా?’ అని కట్టుడు పళ్లు చూపించింది! నా కాగితం చించేసినాను. పళ్లున్నాయా, చెవులు వినపడతాయా, పార్కిన్సన్స్ మాత్ర వేసుకొని ఎంతసేపయింది, ఇవన్నీ యాప్ ముందే అడగాల.

చదివించే పేరా నాకు నచ్చలేదు. ఆ పత్రికల భాషకు జబ్బులేనోళ్లే తడబడతారు, మన అవ్వలకు చాలామందికి చదువూ రాదు. ‘రాగి సంగటి ఎట్ల చేస్తారు?’ అని అడుగు, రెండు నిమిషాలు ఆపకుండా చెప్తారు. ‘చేస్తాండా’ అంటే తప్పని గుర్తు పెట్టొద్దు. నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లుంటారు, అదీ రాసుకో.

రోగుల దగ్గరికి ఇప్పుడే పోవద్దు. మన వీధిలో జబ్బులేని ముసలోళ్ల గొంతులు, వాళ్లు సరేనంటేనే, రికార్డు చెయ్. మీ అవ్వతో మొదలుపెట్టు. పళ్లు గూట్లో ఉంటాయి.

పెద్దమ్మ, తిరుపతి