రీమర్ ఆర్డర్ పెట్టే ముందు

చి॥ కార్తీక్‌కు బాబాయి ఆశీస్సులు.

ఎఫ్-టీఆర్ అనే దూరపు గురి రైఫిల్ పోటీల కోసం 308 విన్‌చెస్టర్ తూటా చాంబర్‌కు (బారెల్ వెనక తూటా కూర్చునే గదికి) సొంత రీమర్, అంటే ఆ గదిని తొలిచే పనిముట్టు, చేయించుకుంటున్నానని, నెక్ (బుల్లెట్‌ను పట్టి ఉంచే కేసు మెడ పట్టే చోటు) కొలత ఎంత రాయాలో చెప్పమని అడిగావు. ఇప్పుడే అంకె చెప్పను. ఏ కంపెనీ కేసులు (తూటా ఇత్తడి తొడుగులు) వాడతావో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రీమర్ చేసేవాడు నువ్వు రాసిన అంకెకు అచ్చంగా గ్రైండింగ్ చేసి పంపుతాడు. అది నీ ఇత్తడికి నప్పుతుందా లేదా అన్నది అతని పూచీ కాదు.

కాబట్టి ముందు కేసులు కొను. ఆ బారెల్ అరిగేదాకా సరిపడేటన్ని, వీలైతే అన్నీ ఒకే లాట్‌వి. ఫిన్‌లాండ్ లాపువా అయినా, అమెరికా పీటర్సన్, స్టార్‌లైన్ అయినా నెక్ గోడ మందం అందరిదీ ఒకలా ఉండదు. ఒకే కంపెనీలోనూ లాటుకూ లాటుకూ తేడా రావచ్చు. రీమర్ ముందు కొని, తర్వాత దానికి సరిపోయే ఇత్తడి కోసం వెతికేవాళ్లు చెప్పును బట్టి కాలు కోసుకునే రకం.

కొలవడానికి వెర్నియర్ పనికిరాదు. లోపలి వైపు గుండ్రటి ముక్కు ఉన్న మైక్రోమీటర్‌తో ఒక్కో నెక్‌ను మూడు నాలుగు చోట్ల కొలిచి, అన్నిటిలోకీ మందంగా ఉన్న చోటు రాసుకో. సగటు మనకు అక్కర్లేదు. ఉదాహరణకు గరిష్ఠ మందం 15 థౌ అనుకో, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. రెండు వైపులా కలిపి 30, బుల్లెట్ వ్యాసం 308, మొత్తం 338. అంతటితో ఆగకు. మందుగుండు, ప్రైమర్ (దాన్ని అంటించే చిన్న టోపీ) లేకుండా ఒక డమ్మీ తూటా కట్టి నెక్‌ను బయటి నుంచి కొలువు. లెక్కకూ దీనికీ అర థౌ తేడా వస్తే పెద్ద అంకెనే నమ్ము.

ఇక ఖాళీ ఎంత వదలాలి? పేలినప్పుడు నెక్ కాస్త వ్యాకోచిస్తేనే బుల్లెట్ విడివడుతుంది. ఆ చోటు లేకపోతే లోపలి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్రైమర్ ఊడడం, బోల్ట్ బిగుసుకుపోవడం అందులో చిన్న నష్టాలు. నెక్‌ను లేత్ మీద చెక్కని కేసులకు మొత్తం మీద 3 థౌకు తక్కువ వదలవద్దు. 4 వదిలినా నేనేమీ అనను. చాంబర్‌లో మసి పేరుకుంటుంది, రేపు కొనే లాట్ కాస్త మందంగా రావచ్చు. పై ఉదాహరణకైతే రీమర్ నెక్ 0.341 లేదా 0.342. ఫ్యాక్టరీ చాంబర్లలో ఇది దాదాపు 0.344 ఉంటుంది. అది సురక్షితమే కానీ ప్రతిసారీ ఇత్తడి ఎక్కువగా సాగి, సైజింగ్‌లో (కాల్చిన కేసును డై అనే అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తేవడంలో) ఎక్కువగా నలిగి త్వరగా గట్టిపడుతుంది.

1975లో పాల్మిసానో, పిండెల్ తయారుచేసిన 6 ఎంఎం పీపీసీ తూటాకు బెంచ్‌రెస్ట్ వాళ్లు (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చేవాళ్లు) 0.262 నెక్ పెట్టుకుని, ప్రతి కేసునూ చెక్కి వాడతారని విని ఆశపడకు. అది వాళ్ల ఆట. వెయ్యి గజాల దగ్గర గాలిని చదవడం వచ్చేదాకా 3 థౌకూ 4 థౌకూ తేడా నీ టార్గెట్ మీద కనిపించదు.

అందరూ నెక్ గురించే వాదించుకుంటారు గానీ, నన్నడిగితే అసలు చిక్కు అడుగున ఉంటుంది. కేసు అడుగు నుంచి 0.200 అంగుళాల ఎత్తున ఇత్తడి మందంగా, మొండిగా ఉంటుంది. కొన్ని కాల్పుల తర్వాత అది చాంబర్ గోడకు సరిగ్గా సరిపోయేలా పెరిగి కూర్చుంటుంది. నీ సైజింగ్ డై ఆ చోటును తగినంత నొక్కకపోతే, బోల్ట్ పైకెత్తే చివరలో టక్‌మని పట్టేస్తుంది. అప్పుడు మందుగుండు ఎక్కువైందనుకుని తగ్గించుకుంటూ పోతావు, జబ్బు మాత్రం తగ్గదు. అందుకే డై కూడా ముందే కొను. క్లబ్బులో ఎవరి 308లోనైనా కాల్చిన కేసులు అడిగి తెచ్చి, ఆ డైలో నొక్కి, 0.200 గీత దగ్గర కొలువు. డై వదిలిన ఆ కొలతకు రీమర్ సుమారు 2 థౌ పెద్దగా ఉండాలి. కొత్త కేసు కంటే కూడా అది పెద్దదే కావాలి. బిగుతుగా ఉంటే గురి కుదురుతుందనే మాట ఈ చోటుకు వర్తించదు.

పొడవు సంగతి సులువు. 308 కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు. చాంబర్ నెక్ అంతకంటే కనీసం 10 థౌ పొడవుండాలి. లేకపోతే కేసు మూతి బుల్లెట్‌ను పట్టేసి, మళ్లీ అదే పీడనం గొడవ. హెడ్‌స్పేస్‌కు, అంటే బోల్ట్ ముఖం నుంచి షోల్డర్ (కేసు భుజం) ఆనే చోటు దాకా ఉండే దూరానికి, 1.630 గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 1.634 నో-గో మీద మూసుకోకూడదు.

ఫ్రీబోర్‌ను (నెక్ ముందు, బారెల్ గాళ్లు మొదలయ్యేదాకా ఉండే నున్నటి భాగం పొడవును) నువ్వు వాడే బుల్లెట్ నిర్ణయించాలి. '95 పాల్మా రీమర్ (పాల్మా అనే మరో దూరపు గురి పోటీది) 155 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ కోసం పుట్టింది. 200 గ్రెయిన్లది అందులో పెడితే కేసు లోపలికి బాగా దిగిపోతుంది. బుల్లెట్ నిటారు భాగం అడుగంచు నెక్, షోల్డర్ కలిసే చోటుకు కాస్త పైనే ఉండేలా డమ్మీ కట్టి, దాన్ని రీమర్ చేసేవాడికే పంపు. అన్నట్టు, డమ్మీలు, ఖాళీ కేసులు పెట్టుకునే ఆ సంచీని ఇండియా ప్రయాణానికి తీసుకెళ్లకు. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర నిలబడి అది డమ్మీ అని వివరించడం నీ వల్ల కాదు.

డ్రాయింగ్‌లోని కొలతే చాంబర్ కొలత అనుకోవద్దు. బారెల్ లేత్‌లో కొంచెం వంకరగా తిరిగినా చాంబర్ వెనక భాగం పెద్దదైపోతుంది. కోసిన తర్వాత సెర్రోసేఫ్ (తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం) పోసి అచ్చు తీయి. చల్లారేటప్పుడు మొదట కుంచించుకుని, తర్వాత పెరుగుతుంది. పోసిన గంటకు కొలిస్తే సరైన అంకె దొరుకుతుంది. కాల్చిన కేసును కొలిస్తే మాత్రం అది చాంబర్ కంటే ఒక థౌ వరకు చిన్నదిగా చూపిస్తుందని గుర్తుంచుకో.

నెక్ కొలతను బారెల్ మీద తప్పక చెక్కించు. రేపు ఆ రైఫిల్ ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. రీమర్ చేసేవాడు డ్రాయింగ్ పంపినప్పుడు సంతకం పెట్టకుండా, నీ కొలతల కాగితంతో కలిపి నాకు పంపు. చూసి రెండు రోజుల్లో తిప్పి పంపుతాను.

మీ బాబాయి