దగ్గర్లోని పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చేరాలా వద్దా?

వేలమందిలో కలిసిపోతానేమో, ఇల్లు దాటనట్టే ఉంటుందేమో అన్నారు కదా. ఈ రెండూ వేర్వేరు సమస్యలు, విడివిడిగా చూడండి.

యూనివర్సిటీ ఎంత పెద్దదైనా మీరు తిరిగేది మీ డిపార్ట్‌మెంట్‌లోనే. మొదటి ఏడాది క్లాసులు కిక్కిరిసి ఉండొచ్చు. మూడో ఏడాదికి క్లాసులో ఎంతమంది మిగులుతారు, పాఠం చెప్పేది ప్రొఫెసరా, పరిశోధన విద్యార్థా, కావాల్సిన కోర్సులో సీటు సమయానికి దొరుకుతుందా? ఇవి అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి. ఓపెన్ డే (చేరాలనుకునేవాళ్లకు క్యాంపస్ చూపించే రోజు) కాకుండా మామూలు రోజున వెళ్లండి. ఓపెన్ డే నాడు అందరూ నవ్వుతూనే ఉంటారు లెండి.

ఇక ఇంటి సంగతి. దగ్గర ఉండటం తప్పేం కాదు, రోజూ ప్రయాణమే అసలు టెన్షన్. పోనూ రానూ రోజుకు 2 గంటలైతే, వారానికి ఐదు రోజులు వెళ్లినా 10 గంటలు పోతాయి. సాయంత్రం జరిగే గ్రూప్ స్టడీలు, క్లబ్బులు, స్నేహాలు అందులోనే కొట్టుకుపోతాయి. డబ్బు కుదిరితే మొదటి ఏడాదైనా హాస్టల్లో ఉండండి.

దూరంగా ఉన్న వేరే కాలేజీతో ఖర్చు పోల్చేటప్పుడు స్కాలర్‌షిప్ పోగా, హాస్టల్, భోజనం కలిపి మొత్తం కోర్సుకు లెక్కేయండి. స్కాలర్‌షిప్ నిలవాలంటే ఎన్ని మార్కులు కావాలో ముందే చూసుకోండి. తేడా అప్పు చేయాల్సినంత ఉంటే, నేనైతే దగ్గరిదే ఎంచుకుంటాను.