సిరంజ్ పంపుల కంపెనీలో 15 లక్షలు: "మాకు పోటీ లేదు" అంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: బెంగళూరు పీణ్యలో సిరంజ్ పంపులు (సిరంజిలోని మందుని మోటారుతో కొలిచినట్టు నెమ్మదిగా ఎక్కించే యంత్రాలు) తయారుచేసే చిన్న కంపెనీ, మీ బావగారికి తెలిసినవాళ్లది. 15 లక్షలు పెడితే షేర్లు ఇస్తామన్నారు. "ఈ ధరలో మాకు పోటీయే లేదు, పేటెంటు కూడా ఉంది" అన్నారు. పోటీ వల్ల వచ్చే రిస్కు ఎలా తూచాలి?

సిరంజ్ పంపుకి మొదటి పోటీ ఇంకో పంపు కాదు, మామూలు డ్రిప్ సెట్టు. 20 చుక్కలు ఒక ఎం.ఎల్. గంటకి 100 ఎం.ఎల్. పోవాలంటే నిమిషానికి 33 చుక్కలు. నర్సు వాచీ చూసుకుంటూ రోలర్ తిప్పితే వార్డులో పని గడిచిపోతుంది. ఐసీయూలో నోరాడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు), ఇన్సులిన్ లాంటివి ఎక్కించేటప్పుడే పంపు లేనిదే కుదరదు. కాబట్టి వాళ్లు చూపించే మార్కెట్ లెక్కలో ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ మంచాలే ఉన్నాయా, ఊళ్లో ఆసుపత్రి మంచాలన్నీ కలిపేశారా చూడండి. రెండోదైతే ఆ స్లైడుకి విలువ లేదు.

దానికంటే ప్రమాదం, ఊరికే వచ్చే పంపు. "మా ట్యూబింగ్ సెట్లు నెలకి ఇన్ని కొంటామని రాసివ్వండి, యంత్రాలు మేమే పెడతాం" అని పెద్ద కంపెనీలు ఆసుపత్రులతో ఒప్పందం చేసుకుంటాయి. సున్నా ధరతో మీవాళ్లు ధర తగ్గించి పోటీపడలేరు. అందుకే మీరు అడగాల్సింది: పంపు అమ్మాక నెలనెలా వచ్చే ఆదాయం ఏదైనా ఉందా? మార్కెట్లో దొరికే 50 ఎం.ఎల్. సిరంజి ఏదైనా పట్టేదైతే ఆసుపత్రికి సుఖం, కంపెనీకి మాత్రం ఒక్కసారి అమ్మకమే. పైగా ఒక్కో బ్రాండు సిరంజి లోపలి వ్యాసం ఒక్కోలా ఉంటుంది. ఆసుపత్రి బ్రాండు మార్చింది, పంపు లిస్టులో అది లేదు అనుకోండి, మందు వెళ్లే వేగం తప్పుతుంది. కొత్త బ్రాండు సిరంజికి తగ్గట్టు పంపు కొలత సరిచేయడం (కాలిబ్రేషన్) ఎన్ని రోజుల్లో చేసిస్తారో అడగండి.

పోటీదారుడు ధర తగ్గిస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. ఈ అంకెలు ఉదాహరణకే. పంపు ధర 28,000. విడిభాగాలు, కూర్పు 13,000. డీలరుకి 25 శాతం, అంటే 7,000. వారంటీ సర్వీసుకి 2,000. మిగిలేది 6,000. జీతాలు, అద్దె నెలకి 6 లక్షలైతే 100 పంపులు అమ్మాలి. అవతలివాడు 20 శాతం తగ్గిస్తే మీవాళ్లూ 22,400కి దిగాలి. డీలరు వాటా 5,600 పోను మిగిలేది 1,800. ఇప్పుడు 334 పంపులు అమ్మాలి. రేపు ధర పైకి లాగుదామన్నా పన్నెండు నెలల్లో ఎమ్మార్పీ 10 శాతానికి మించి పెంచకూడదన్న నిబంధన వైద్య పరికరాలన్నిటికీ ఉంది. నిజమైన అంకెలు వాళ్లనడిగి ఇదే లెక్క వేయండి. ఇవ్వడానికి వెనకాడితే జవాబు మీకు దొరికినట్టే.

లైసెన్సు కాగితం చేతిలో పట్టుకుని చదవండి. సిరంజ్ పంపు సి క్లాసు (రిస్కు కొంచెం ఎక్కువున్న) పరికరం. దాని తయారీ లైసెన్సు, మందులు, వైద్య పరికరాలని నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవో ఇచ్చే ఎండీ-9. ఎండీ-13 ఉంటే అది పరీక్షల కోసం చేసుకోవడానికే, అమ్మకానికి కాదు. ఎండీ-10 ఉంటే లోన్ లైసెన్సు, అంటే వేరేవాళ్ల ఫ్యాక్టరీలో చేయిస్తున్నారన్న మాట. అదే ఫ్యాక్టరీ రేపు ఇంకొకరికీ చేసిపెట్టొచ్చు. ఎండీ-15 చూపిస్తే అది దిగుమతి లైసెన్సు. అదే డబ్బా, అదే కీప్యాడు నాలుగు పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో ఫొటోలు పోల్చండి. దొరికితే మీరు డబ్బు పెట్టేది తయారీలో కాదు, స్టిక్కరులో.

సర్కారీ టెండర్ల మాట. కర్ణాటక, తమిళనాడు వైద్య సరఫరా సంస్థల పాత టెండర్ కాగితాలు తీసి అర్హత పేజీ చదవండి: మూడేళ్ల టర్నోవరు ఎంత కావాలి, ఇదే పరికరం ఇంతకుముందు ఎన్ని ఇచ్చి ఉండాలి, యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా అనుమతి) గానీ సీఈ (యూరప్ ముద్ర) గానీ అడిగారా. స్టార్టప్‌లకి సడలింపు ఇవ్వొచ్చని రూల్సులో ఉంది, ఇచ్చి తీరాలని లేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలోనైతే, విలువలో కనీసం సగం ఇక్కడే తయారైతే క్లాస్-1 లోకల్ సప్లయర్‌గా ప్రాధాన్యం దొరుకుతుంది. మోటారు, ప్రెషర్ సెన్సరు, బోర్డు బయటివైతే ఆ సగం దాటడం కష్టం.

పేటెంటు గురించి ఎక్కువ చెప్పను, జనం దానికి ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ విలువ ఇస్తారు. పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడండి: మంజూరైందా, దరఖాస్తేనా, రెన్యువల్ ఫీజు కట్టారా, యజమాని కంపెనీయా లేక ఫౌండర్ సొంత పేరా. తర్వాత మొదటి క్లెయిము (పేటెంటు దేనిమీద హక్కు ఇస్తుందో చెప్పే వాక్యం) చదవండి. ఫలానా స్క్రూ అమరికకే పరిమితమైతే అవతలివాడు స్క్రూ మార్చుకుంటాడు.

నా లెక్కలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఫోన్ కాల్. సీరియల్ నంబర్లవారీగా ఎక్కడెక్కడ పంపులున్నాయో జాబితా తీసుకుని, మీకు నచ్చిన ఐదు ఆసుపత్రుల్లో యంత్రాలు చూసుకునే బయోమెడికల్ ఇంజినీర్లతో మాట్లాడండి (డాక్టర్లతో కాదు, వాళ్లకి పంపు పేరు కూడా గుర్తుండదు). ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని షెల్ఫులో ఉన్నాయి? బ్యాటరీ ఎంతసేపు ఆగుతోంది? లైను మూసుకుపోకుండానే అక్లూజన్ అలారం (లైను మూసుకుపోయిందని చెప్పే హెచ్చరిక) మోగుతోందా? ప్లంజర్ క్లాంపు (సిరంజి తోపుడు కడ్డీని పట్టుకునే భాగం) విరిగితే ఎన్ని రోజుల్లో వస్తుంది? పోయినసారి కొటేషన్లు ఎవరెవరు ఇచ్చారు? రెండోసారి ఇవే కొన్నారా? పేషెంటుని స్కానింగుకి తీసుకెళ్తుంటే దారిలో ఆగిపోయిన పంపుని నర్సు మళ్లీ ముట్టుకోదు. పోటీ కంపెనీకి అంతకంటే మంచి సేల్స్‌మన్ అక్కర్లేదు.

ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి ఏఓసీ-4, అంటే కంపెనీ దాఖలుచేసిన వార్షిక లెక్కలు దించుకోండి. రావలసిన బాకీని అమ్మకంతో భాగించి 365తో హెచ్చించండి. 3.2 కోట్ల అమ్మకానికి 1.6 కోట్ల బాకీ ఉంటే, అమ్మిన డబ్బు చేతికి రావడానికి సుమారు 182 రోజులు. సరుకు డీలర్ల గోదాములోకి తోసి అమ్మకం చూపించారేమో అక్కడ అనుమానించాలి.

ఇవన్నీ చూశాక కూడా పెట్టాలనిపిస్తే 7 లక్షలు ఇప్పుడు, మిగతా 8 లక్షలు పాత ఆసుపత్రుల్లో కనీసం మూడు మళ్లీ ఆర్డరిచ్చాక అని ఒప్పందంలో రాయించండి. పీఏఎస్-4 (ప్రైవేటుగా షేర్లు ఇచ్చేటప్పుడు కంపెనీ పంపాల్సిన) ఆఫర్ లెటరు మీ పేరుతో వచ్చాకే, బ్యాంకు ద్వారానే డబ్బు కదలాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగివ్వాలి. అదీ దాటితే 12 శాతం వడ్డీ మీకు రావాలి.